ట్రక్కు డ్రైవర్ ఉద్యోగ ప్రకటనలో జీతం అంకెను సరిచూడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

"వారానికి 1,800 డాలర్ల వరకు", "మైలుకు 70 సెంట్లు", "చేరితే 10,000 డాలర్ల బోనస్". అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల కోసం వచ్చే ప్రకటనల నిండా ఇవే అంకెలు. కొత్తగా సీడీఎల్ (భారీ వాహనాలు నడిపే కమర్షియల్ లైసెన్సు) చేతికొచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న కూడా ఒకటే: వీటిలో దేన్ని నమ్మాలి?

ఈ ప్రకటనల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. ఆ మొత్తం ఎవరో ఒక డ్రైవరుకు, ఏదో ఒక మంచి వారంలో వచ్చే ఉంటుంది. మీకు దానితో పని లేదు. కొత్తగా చేరిన మామూలు డ్రైవరుకు మామూలు వారంలో ఎంత వస్తుందో మీకు తెలియాలి. కింది మెట్లన్నీ ఆ అంకెను రాబట్టడానికే.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ప్రకటన కనిపించగానే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆన్‌లైన్ ప్రకటనను ఎప్పుడైనా మార్చవచ్చు. రేపు వివాదం వస్తే మీ దగ్గర ఉండే మొదటి ఆధారం అదే.

తర్వాత ఇవి దగ్గర పెట్టుకోండి:

- కంపెనీ పూర్తి పేరు, దాని డాట్ నంబరు (ఫెడరల్ రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య; ట్రక్కు తలుపు మీద, కంపెనీ వెబ్‌సైటులో ఉంటుంది)
- ఉద్యోగం ఏ రకం: దూరప్రాంతాలు తిరిగే ఓటీఆర్, రీజినల్, లోకల్, ఇద్దరు కలిసి నడిపే టీమ్
- మీ హోదా: జీతం మీద పన్ను కంపెనీయే కోసే డబ్ల్యూ-2 ఉద్యోగా, పన్నంతా మీరే కట్టుకునే 1099 కాంట్రాక్టా
- నెలకు మీ ఇంటికి తప్పనిసరిగా కావలసిన మొత్తం

చివరిది చాలామంది రాసుకోరు. అది రాసి పెట్టుకుంటే రిక్రూటర్ మాటల వేగంలో కొట్టుకుపోకుండా ఉంటారు.

## 2. అంకె పక్కనున్న మాటలకు గీత గీయండి

అంకెను కాసేపు పక్కన పెట్టి, దానికి ముందూ వెనకా ఉన్న మాటలు చదవండి.

"వరకు" ఉంటే అది పైకప్పు. ఎంతమంది అక్కడికి చేరారో ప్రకటన చెప్పదు.

"టాప్ డ్రైవర్లు" అంటే ఎంత శాతం మందో అడగాలి. వందలో ఐదుగురా, యాభైమందా?

"సంపాదించే అవకాశం" అన్న చోట కంపెనీ ఏ మాటా ఇవ్వలేదని లెక్క.

"మొత్తం ప్యాకేజీ విలువ" అన్నారంటే ఆరోగ్య బీమాలో కంపెనీ వాటా, రిటైర్మెంట్ ఖాతాలో వేసే సొమ్ము కూడా కలిపి ఉండవచ్చు. అవి విలువైనవే, కానీ వాటితో ఇంటి అద్దె కట్టలేరు.

"సగటు" అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఏడాది పూర్తిచేసినవారి సగటే చూపించి, మూడో నెలలో మానేసినవారిని లెక్కలోకి తీసుకోకపోతే అంకె దానంతటదే పెరుగుతుంది. చాలీచాలని జీతం వల్ల వెళ్లిపోయినవారే ఆ లెక్కలో లేకుండా పోతారు. పెద్ద ట్రక్‌లోడ్ కంపెనీల్లో డ్రైవర్లు ఏటా పెద్ద సంఖ్యలో మారుతుంటారు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. మరో సంగతి: టీమ్ డ్రైవర్లు, పదేళ్ల అనుభవం ఉన్నవారు, ప్రమాదకర సరకు మోసేవారు కూడా ఆ సగటులో ఉన్నారేమో అడగండి.

ఇలాంటి మాటలను ప్రభుత్వం పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. ట్రక్కుల్లో కాదు, టాక్సీ యాప్‌లలో. న్యూయార్క్ డ్రైవర్ల మధ్యస్థ (సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ వచ్చే) వార్షిక ఆదాయం 90,000 డాలర్లకు పైనే అని ఉబర్ చెప్పుకుంది. అది నిజానికి 61,000 అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2017లో ఉబర్ 20 మిలియన్ డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. 2024లో లిఫ్ట్ 2.1 మిలియన్ డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. పైవరుస ఐదో వంతు డ్రైవర్ల సంపాదనను అందరికీ వచ్చేదిలా చూపిందన్నది అక్కడి ఆరోపణ. ట్రక్కు ప్రకటనను చదివేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేయాలి: ఇది ఎవరి సంపాదన?

## 3. డాలర్లను మైళ్లలోకి మార్చండి

ఈ మెట్టు ఒక్కటి చేసినా సగం ప్రకటనలు తేలిపోతాయి.

ప్రకటనలోని వారం జీతాన్ని మైలు రేటుతో భాగించండి. వారానికి 1,800 డాలర్లు, మైలుకు 60 సెంట్లు అయితే 3,000 మైళ్లు. ప్రతి వారం అన్ని మైళ్లు నడపడం సాధ్యమా?

ఫెడరల్ పనిగంటల నియమాల ప్రకారం, వరుసగా 10 గంటల విశ్రాంతి తర్వాత గరిష్ఠంగా 11 గంటలు నడపవచ్చు, అదీ డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే. వారమంతా ట్రక్కులు నడిపే కంపెనీలో 8 రోజుల్లో 70 డ్యూటీ గంటలు దాటాక ఇక నడపకూడదు. వరుసగా 34 గంటలు విశ్రాంతి తీసుకుంటే ఆ 70 గంటల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది.

ట్రాఫిక్, కొండదారులు, నగరాలు కలుపుకొని సగటున గంటకు 50 మైళ్లు పడుతుందనుకుంటే, 3,000 మైళ్లకు 60 గంటల డ్రైవింగ్ కావాలి. మిగిలిన 10 గంటల్లోనే రోజూ ట్రక్కు తనిఖీ, డీజిల్, గోదాము దగ్గర లోడింగ్, అన్‌లోడింగ్ పూర్తికావాలి. కలిసొచ్చిన వారంలో ఇది జరుగుతుంది. మంచు కురిసిన వారంలో, లోడు ఆలస్యమైన వారంలో, ఇంటికి వెళ్లిన వారంలో జరగదు.

ఇప్పుడు మామూలు వారం లెక్క వేయండి. కంపెనీ 2,200 మైళ్లు ఇస్తే 60 సెంట్ల చొప్పున 1,320 డాలర్లు. ఏడాదికి 52 వారాలు పనిచేయరు కాబట్టి 48తో గుణించండి: 63,360. ప్రకటన అంకెను 52తో గుణిస్తే వచ్చేది 93,600. ఈ రెండింటి మధ్య 30,000 డాలర్ల తేడా ఉంది. మీ ఇంటి బడ్జెట్‌ను మొదటి అంకె మీదే వేసుకోండి.

టీమ్ ఉద్యోగమైతే మరో జాగ్రత్త. "వారానికి 5,500 మైళ్లు" అన్నది ట్రక్కు తిరిగే దూరం. మైలు రేటు ఇద్దరికీ కలిపా, ఒక్కొక్కరికా అన్నది తేలేవరకు ముందుకు వెళ్లకండి.

## 4. ఏ మైళ్లకు డబ్బు ఇస్తారు?

ఓడోమీటర్ మీద తిరిగిన మైలుకూ మీకు డబ్బు ఇచ్చే మైలుకూ తేడా ఉంటుంది. మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి:

- హబ్ మైళ్లు: ట్రక్కు నిజంగా తిరిగినవి. డ్రైవరుకు అన్నిటికంటే మేలు, అన్నిటికంటే అరుదు.
- ప్రాక్టికల్ మైళ్లు: ట్రక్కు వెళ్లదగిన దారి ప్రకారం సాఫ్ట్‌వేర్ లెక్కించినవి. వాస్తవానికి దగ్గరగా ఉంటాయి.
- హెచ్‌హెచ్‌జీ మైళ్లు: ఇళ్ల సామాన్లు తరలించే రంగం కోసం పుట్టిన పాత పట్టికలోని దగ్గరిదారి దూరాలు. డ్రైవర్లు వీటిని షార్ట్ మైళ్లు అంటారు. మీరు తిరిగిన దూరం కంటే తక్కువే చూపిస్తాయి.

ఓడోమీటర్ 2,350 చూపిస్తుండగా జీతం 2,200కే ఇచ్చారనుకోండి. మీ 60 సెంట్ల రేటు నిజానికి 56 సెంట్లే. అందుకే షార్ట్ మైళ్ల మీద 60 సెంట్లు ఇచ్చే చోటుకన్నా ప్రాక్టికల్ మైళ్ల మీద 58 ఇచ్చే చోటు మేలు కావచ్చు.

ఖాళీ ట్రెయిలర్‌తో వెళ్లే మైళ్లకు, అంటే డెడ్‌హెడ్‌కు, అదే రేటు ఇస్తారా అన్నది కూడా ఇక్కడే అడగాలి.

## 5. మైలు రేటును ముక్కలు చేయండి

"మైలుకు 70 సెంట్లు" లోపల ఇలా ఉండవచ్చు: మూల రేటు 55, భద్రతా బోనస్ 5, ఇంధన పొదుపు బోనస్ 4, పర్ డీమ్ 6. కచ్చితంగా మీదయ్యేది ఏ ముక్కో, షరతు మీద ఆధారపడినది ఏదో విడదీయండి. కొన్నిచోట్ల భద్రతా బోనస్ మూడు నెలలకోసారి వస్తుంది, చిన్న గీత పడినా ఆ మూడు నెలలదీ పోతుంది.

పర్ డీమ్ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఇది అదనపు జీతం కాదు. మీ జీతంలో కొంత భాగాన్ని ప్రయాణ భోజన ఖర్చు కింద చూపి, ఆ భాగం మీద పన్ను లేకుండా ఇస్తారు. చేతికి వచ్చేది కొద్దిగా పెరుగుతుంది. అయితే పన్ను పత్రంలో మీ జీతం తగ్గి కనిపిస్తుంది. ఇంటి రుణం, నిరుద్యోగ భృతి, సోషల్ సెక్యూరిటీ లెక్కలన్నీ ఆ తగ్గిన అంకె మీదే నడుస్తాయి. పర్ డీమ్ తీసుకోవడం ఐచ్ఛికమా, తప్పనిసరా అని అడిగి తెలుసుకోండి.

కొన్ని కంపెనీలు దూరాన్ని బట్టి రేటు మారుస్తాయి: చిన్న ట్రిప్పులకు ఎక్కువ, పెద్దవాటికి తక్కువ. ప్రకటనలో మాత్రం చిన్న ట్రిప్పు రేటే వేస్తారు. మీకు దొరికేవి 900 మైళ్ల లోడులైతే ఆ పెద్ద రేటు మీది కాదు.

## 6. చేరిక బోనస్

దీన్ని జీతం లెక్కలో కలపవద్దు. ఎన్ని వాయిదాల్లో ఇస్తారు, మొదటి వాయిదా ఎన్ని రోజులకు వస్తుంది, మధ్యలో మానేస్తే తీసుకున్నది తిరిగి కట్టాలా అన్న మూడు ప్రశ్నలు చాలు. కంపెనీ ఖర్చుతో సీడీఎల్ శిక్షణ తీసుకుంటే ఎన్నాళ్లు పనిచేయాలో, ముందే వెళ్లిపోతే ఎంత బాకీ పడతారో ఒప్పందంలో వెతకండి.

## 7. డబ్బు రాని గంటలు లెక్కించండి

మైలు జీతంలో చక్రం తిరగకపోతే సంపాదన లేదు. గోదాములో ట్రెయిలర్ నింపేదాకా నాలుగు గంటలు కూర్చుంటే ఏమిస్తారు? చాలాచోట్ల మొదటి రెండు గంటలు ఉచితం, ఆ తర్వాతే డిటెన్షన్ సొమ్ము, అంటే ఆగి ఉన్న గంటలకు ఇచ్చేది. కస్టమర్ చెల్లిస్తేనే మీకు ఇస్తామనే కంపెనీలూ ఉన్నాయి. మరుసటి రోజుదాకా లోడు దొరక్కపోతే ఇచ్చే లేఓవర్, ట్రక్కు చెడిపోతే ఇచ్చే బ్రేక్‌డౌన్ సొమ్ము, ఓరియెంటేషన్ రోజుల చెల్లింపు విడివిడిగా అడగండి.

ఇక్కడ చట్టం మీకు అండగా ఉంటుందని అనుకోకండి. రాష్ట్రాల మధ్య సరకు మోసే డ్రైవర్లలో చాలామందికి ఫెడరల్ ఓవర్‌టైమ్ నియమం వర్తించదు. గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం మాత్రం వర్తిస్తుంది.

అందుకే వారం జీతాన్ని గంటల్లోకి మార్చి చూడండి. 1,320 డాలర్లకు 65 గంటల డ్యూటీ పడితే గంటకు 20 డాలర్ల పైచిలుకు. ఊళ్లోనే గంటకు 24 డాలర్లిచ్చి రాత్రికి ఇంటికి పంపే ఉద్యోగం పక్కన పెట్టి చూస్తే, ప్రకటనలో చిన్నగా కనిపించిన అంకే పెద్దదవుతుంది.

## 8. బయటి లెక్కలతో సరిపోల్చండి

రిక్రూటర్‌తో మాట్లాడే ముందే ఇది చేయండి. డబ్బు ఖర్చు కాదు.

ఫెడరల్ రికార్డు. మోటారు క్యారియర్ భద్రతా సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ నడిపే సేఫర్ వెబ్‌సైటులో డాట్ నంబరు కొడితే కంపెనీ స్నాప్‌షాట్ వస్తుంది. అందులో ట్రక్కుల సంఖ్య, డ్రైవర్ల సంఖ్య, ఏడాదిలో తిరిగిన మొత్తం మైళ్లు ఉంటాయి. కంపెనీ స్వయంగా ప్రభుత్వానికి చెప్పిన అంకెలివి. మైళ్లను ట్రక్కులతో, ఆపైన 52తో భాగించండి.

ఉదాహరణకు 500 ట్రక్కులు, 4.5 కోట్ల మైళ్లు ఉంటే ట్రక్కుకు ఏడాదికి 90,000. వారానికి సుమారు 1,730. అదే కంపెనీ ప్రకటన వారానికి 3,000 మైళ్లు అంటుంటే ఏదో ఒకటి సరికాదు. ఆ మైళ్లు ఏ ఏడాదివో పక్కనే ఉంటుంది, చూడండి. డ్రైవర్ లేక ఆగిన ట్రక్కులు, లోకల్ ట్రక్కులు సగటును తగ్గిస్తాయి; టీమ్‌లు పెంచుతాయి. కాబట్టి దీన్ని తీర్పుగా కాక, రిక్రూటర్‌ను అడగడానికి పనికొచ్చే ప్రశ్నగా వాడండి.

వాటాదారుల నివేదిక. కంపెనీ షేర్లు మార్కెట్‌లో ఉంటే అది ఏటా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 10-కె అనే నివేదిక ఇవ్వాలి. చాలా ట్రక్కు కంపెనీలు అందులో ఒక్కో ట్రక్కుకు సగటు మైళ్లు రాస్తాయి. డ్రైవర్ల ప్రకటనలో పెంచినట్టు అక్కడ పెంచడం కుదరదు.

దేశవ్యాప్త మధ్యస్థం. కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2024 మేలో భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక జీతం 57,440 డాలర్లు. సగంమంది దీనికి పైన, సగంమంది కింద. అనుభవం లేనివారికి 95,000 ఇస్తామనే ప్రకటన దీని పక్కన నిలవాలంటే గట్టి కారణం చూపించాలి.

పక్క రాష్ట్రపు ప్రకటన. కొలరాడో, కాలిఫోర్నియా, వాషింగ్టన్, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో ఉద్యోగ ప్రకటనలో జీత పరిధి రాయడం చట్టరీత్యా తప్పనిసరి. అదే కంపెనీ అక్కడ వేసిన ప్రకటన వెతకండి. "1,800 వరకు" అన్నది అక్కడ "1,100 నుంచి 1,800" అయితే మీకు కావలసింది మొదటి అంకె.

## 9. రిక్రూటర్‌ను ఈ వరుసలో అడగండి

వరుస ముఖ్యం. ముందు మీ అనుభవం, మీ అవసరం చెబితే సమాధానాలు వాటికి తగ్గట్టు వస్తాయి. ముందు మీరే ప్రశ్నలు వేయండి.

1. గత మూడు నెలల్లో, ఇదే ఉద్యోగంలో, ఏడాదిలోపు అనుభవం ఉన్న డ్రైవర్లకు వారానికి ఇచ్చిన మధ్యస్థ మైళ్లు ఎన్ని?
2. వారిలో ఎంతమందికి ప్రకటనలోని మొత్తం వచ్చింది?
3. ఏ మైళ్ల పద్ధతి?
4. మూల రేటు ఎంత, బోనస్‌లు ఎంత, పర్ డీమ్ ఎంత?
5. డిటెన్షన్ ఎప్పటినుంచి, ఎంత? కస్టమర్ ఇవ్వకపోయినా ఇస్తారా?
6. "కనీస హామీ జీతం" ఉంటే అది ఏ షరతు తప్పితే రద్దవుతుంది? ఇంటికి వెళ్లిన వారం, ఒక లోడు కాదన్న వారం దాని కిందికి వస్తాయా?
7. బీమా, ఇతర కోతలు పోగా మొదటి నెల చేతికి ఎంత?

చివరగా, "ఇవన్నీ ఈమెయిలులో పంపండి" అని అడగండి. ఫోనులో చెప్పినదాన్ని రాతలో పెట్టడానికి వెనకాడితే ఆ మాటను లెక్కలోంచి తీసేయండి. అక్కడ మొహమాటం అక్కర్లేదు; మీరు అడుగుతున్నది మీ జీతం గురించే.

ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు డ్రైవర్ల సెటిల్‌మెంట్ (వారం జీతం లెక్క) కాగితాలు, పేర్లు చెరిపేసినా సరే, చూడగలిగితే ఇంకా మంచిది. ఒక్క మంచి వారం కాగితం కాదు, వరుసగా ఆరేడు వారాలవి చూడాలి. ట్రక్ స్టాపుల్లో ఆ కంపెనీ డ్రైవర్లను మర్యాదగా అడిగితే చాలామంది దాచకుండా చెబుతారు.

## 10. "సొంత ట్రక్కు, వారానికి 5,000" అంటే

ఇది జీతం కాదు, ఖర్చులకు ముందు రాబడి. ఊహా లెక్క ఒకటి చూడండి. వారానికి 2,800 మైళ్లు, గ్యాలనుకు 6.5 మైళ్లు, గ్యాలన్ డీజిల్ 4 డాలర్లు:

- డీజిల్: 1,720
- ట్రక్కు వాయిదా: 900
- బీమా: 250
- మరమ్మతుల నిధి: 350
- ట్రెయిలర్, ఇతర కోతలు: 150

మొత్తం 3,370 పోగా మిగిలేది 1,630. మైలుకు 58 సెంట్లు, అంటే కంపెనీ డ్రైవర్ జీతమే. దీని మీద 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను, ఆపైన ఆదాయపు పన్ను మీరే కట్టాలి. లోడు లేని వారంలో కూడా వాయిదా, బీమా ఆగవు.

కంపెనీ దగ్గరే ట్రక్కు లీజుకు తీసుకుని, ఆ కంపెనీకే నడిపే లీజ్-పర్చేజ్ పథకాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. లోడులు ఇచ్చేదీ వాయిదా వసూలు చేసేదీ ఒకరే. ఈ పథకాలను నిషేధించాలని ఎఫ్ఎంసీఎస్ఏ నియమించిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ 2025 జనవరి నివేదికలో సిఫారసు చేసింది. కొత్తవారు వీటి జోలికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే మీ ట్రక్కుతో కంపెనీకి లీజు మీద పనిచేస్తుంటే ఫెడరల్ లీజు నియమాలు గుర్తుంచుకోండి: ట్రిప్పు పత్రాలు ఇచ్చిన 15 రోజుల్లో సొమ్ము ఇవ్వాలి, లీజు ముగిశాక ఎస్క్రో (హామీగా కంపెనీ దగ్గర ఉంచిన సొమ్ము) లెక్క తేల్చి 45 రోజుల్లో మిగిలినది తిరిగి ఇవ్వాలి.

## 11. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే తీరు

రెండు కంపెనీలను మైలు రేటుతోనే పోల్చడం. రేటును మామూలు వారం మైళ్లతో గుణించాకే పోల్చండి. 52 సెంట్ల మీద 2,500 మైళ్లు ఇస్తే 1,300. 62 సెంట్ల మీద 1,900 మైళ్లు ఇస్తే 1,178.

శిక్షణ వారాలను మరచిపోవడం. ట్రెయినర్‌తో తిరిగే వారాల్లో రేటు వేరు, తరచుగా తక్కువ. ఆ కాలానికి సరిపడా డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

ఓరియెంటేషన్ రోజున చదవకుండా సంతకం చేయడం. పత్రాలు ముందురోజే పంపమని అడగండి. అక్కడే ఇస్తే ఫోటో తీసుకుని, ప్రకటన స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి చదవండి. రెండింటిలో అంకెలు వేరైతే చెల్లేది సంతకం పెట్టిన కాగితమే.

పాత ఉద్యోగం ముందే వదిలేయడం. రాతపూర్వక ఆఫర్ చేతికొచ్చేదాకా ఆగండి.

## 12. చేరాక మొదటి ఆరు వారాలు

ప్రతి ట్రిప్పుకు ఒక వరుస రాయండి: తేదీ, మొదటి ఓడోమీటర్, చివరి ఓడోమీటర్, కంపెనీ చెల్లించిన మైళ్లు, గోదాముకు చేరిన సమయం, బయటపడిన సమయం. సెటిల్‌మెంట్ రాగానే సరిచూసి, తేడా ఉంటే ఆ వారమే పేరోల్‌కు ఈమెయిలు రాయండి.

తేడాలు సర్దకపోతే దారులు ఇవి:

- జీతం కనీస వేతనం కంటే తగ్గితే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగం. ఫెడరల్ చట్టం కింద వెనుక జీతం కోసం దావాకు గడువు రెండేళ్లు; యజమాని తెలిసే ఉల్లంఘించి ఉంటే మూడేళ్లు.
- ప్రకటన మోసపూరితమైతే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం.
- పనిగంటలు మించి నడపమని బలవంతపెడితే ఎఫ్ఎంసీఎస్ఏ ఫిర్యాదుల విభాగం.
- ఈ ఉద్యోగం కోసం కాలిఫోర్నియాకు లేదా అక్కడినుంచి మకాం మార్చి ఉంటే, జీతం గురించి తెలిసి అబద్ధం చెప్పి రప్పించడాన్ని అక్కడి లేబర్ కోడ్ 970వ సెక్షన్ నిషేధిస్తుంది. నష్టానికి రెట్టింపు పరిహారం కోరవచ్చు.

ఫిర్యాదుతో పాటు మొదటి మెట్టులో దాచిన స్క్రీన్‌షాట్, రిక్రూటర్ ఈమెయిలు, మీ ట్రిప్పుల పట్టిక జతచేయండి.